పాసైన హీట్ పైపును ఎంతవరకు నమ్మొచ్చు?

అందరికీ నమస్కారం.

ల్యాప్‌టాప్ వెనక మూత విప్పితే ప్రాసెసర్ మీదుగా ఫ్యాన్ దాకా పోయే రాగి గొట్టం కనిపిస్తుంది. అదే హీట్ పైపు. లోపల గోడకు అంటుకుని రాగిపొడి పొర, దాని పేరు విక్. అందులో కొద్దిగా నీళ్లు. గాలి మాత్రం ఉండకూడదు. వేడి కొసన ఆవిరైన నీరు చల్లటి కొసన మళ్లీ నీరై, విక్ గుండా వెనక్కొస్తుంది. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ చేసి చూపించిన కిటుకే ఇప్పటికీ నడుస్తోంది.

పూర్తిగా పాడైన పైపును పట్టుకోవడం తేలిక. ఒక కొస వేడినీళ్లలో ముంచి, రెండోది వేళ్లతో పట్టుకోండి. మంచిదైతే కొన్ని క్షణాల్లోనే చురుక్కుమంటుంది. లీకైనది ఉత్త రాగి గొట్టం. 6 మిల్లీమీటర్ల లావు, 0.3 మిల్లీమీటర్ల గోడ, 15 సెంటీమీటర్ల పొడవు అనుకుందాం. గోడ ఒక్కటే వేడిని మోయాలంటే ఒక్క వాట్‌కే దాదాపు 70 డిగ్రీల తేడా కావాలి!

అసలు టెన్షన్ సగం జబ్బుపడ్డ పైపుతో. సరిగా లాగేయని గాలో, లోపల మిగిలిన నూనె మరకల నుంచి పుట్టిన గ్యాసో ఉంటే ఆవిరి దాన్ని చల్లటి కొసకు నెట్టేస్తుంది. అక్కడ అది తిష్ఠ వేసినంత మేరా పైపు పనిచేయదు. అందుకే రెండు కొసల ఉష్ణోగ్రత తేడా కొలిచేటప్పుడు చివరి థర్మోకపుల్‌ను (ఉష్ణోగ్రత కొలిచే తీగను) ఆ కొసకు వీలైనంత దగ్గరగా పెట్టాలి, మధ్యలో కాదు.

ఎంత వేడి దగ్గర కొలుస్తున్నామన్నదీ ముఖ్యమే. నీటి ఆవిరి పీడనం 40 డిగ్రీల దగ్గర 7.4 కిలోపాస్కల్స్, 80 దగ్గర 47. అంటే పైపు వేడెక్కేకొద్దీ గ్యాస్ నలిగి దాదాపు ఆరో వంతుకు కుంచించుకుపోతుంది. 80 దగ్గర భేషుగ్గా పాసైన పైపు 40 దగ్గర దొరికిపోవచ్చు. ఉష్ణోగ్రత రాయని రిపోర్టును నేనైతే చదవను.

వంచి, చదును చేశాక పైపు మోయగల వాట్లు తగ్గుతాయి కాబట్టి ఎన్ని వాట్లు మోస్తుందన్న టెస్టు చివరి ఆకారంలోనే చేయాలి. వేడి కొస పైకి ఉండేలా వాడేటట్టయితే అలాగే నిలబెట్టి చేయాలి.

ఇక ఓవెన్. బ్యాచ్‌లో కొన్నిటిని ఎక్కువ వేడిలో రోజుల తరబడి ఉంచి, ముందూ తర్వాతా ఒకే ఉష్ణోగ్రత దగ్గర కొలవాలి. రెండు కొసల తేడా ముందు 2 డిగ్రీలుండి తర్వాత 4 అయిందనుకోండి. లోపల గ్యాస్ పుడుతోందేమోనని అనుమానించాల్సిందే. లిమిట్ 5 అయినా సరే, ఆ బ్యాచ్‌కు నేను సంతకం పెట్టను.