ఫిలిప్పీన్స్ చెప్పిన మాట, థాయ్‌లాండ్ ఇచ్చిన విత్తనం

సభకు నమస్కారం. ఈ రోజు మొక్కజొన్న తెగుళ్ల గురించి, వాటి మీద కబురూ విత్తనమూ ఒక దేశం నుంచి మరో దేశానికి ఎలా అందాయో చెబుతాను. ఆ తరువాత చేలో తెగులు చూద్దాం.

మీలో మొక్కజొన్న విత్తనోత్పత్తి చేలు చూసినవాళ్లు చాలామందే ఉంటారు. ఏలూరు, ఖమ్మం వైపు ఊళ్లలో అది తెలిసిన పనే. ఆడ సాళ్లలో మగపూత పుప్పొడి రాల్చకముందే దాన్ని లాగేయాలి. ఒక్క మొక్క తప్పిపోయినా చుట్టూ ఉన్న కంకులు కల్తీ అవుతాయి. అందుకే ఆడకూలీలు పొద్దున్నే సాలు వెంట నడుస్తూ, ఒక్కో మొక్క మొవ్వు పట్టుకుని పైకి లాగుతూ పోతారు. ఆకుల అంచులు ముంజేతులను కోస్తాయి. ఆ గీతల మీద చెమట తగిలితే మంట. మర్నాడు మళ్లీ అదే చేను, అవే సాళ్లు.

ఈ పనిని తప్పించే దారి అమెరికాలో దొరికింది. టెక్సాస్‌లో గుర్తించిన ఒక రకం కణద్రవ్యం, అంటే కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం, ఉన్న మొక్క పనికొచ్చే పుప్పొడి ఇవ్వదు. ఇంకేం, కూలీల ఖర్చు మిగిలింది. 1970 నాటికి ఆ దేశపు మొక్కజొన్నలో సుమారు 85 శాతం ఆ కణద్రవ్యంతోనే పెరుగుతోంది. ఆ ఏడాది దక్షిణాది రాష్ట్రాల నుంచి ఆకుమాడు తెగులు కొత్త తెగగా పైకి పాకింది. ఆ శిలీంధ్రం వదిలే విషం సరిగ్గా ఆ కణద్రవ్యంలోని మైటోకాండ్రియాలనే, అంటే కణానికి శక్తినిచ్చే భాగాలనే, దెబ్బతీస్తుంది. దేశం మొత్తం పంటలో దాదాపు 15 శాతం పోయింది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ నష్టం కాదు. ఈ కణద్రవ్యం ఉన్న మొక్కలకు ఆ తెగులు ఎక్కువగా సోకుతోందని ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు మెర్కాడో, లాంటికాన్ 1961లోనే రాశారు. అచ్చులో ఉన్న మాట అది. తొమ్మిదేళ్ల పాటు ఆ మాట అందాల్సిన చోట ఎవరి చేతినీ ఆపలేదు. మన దేశం మొదటి మొక్కజొన్న హైబ్రిడ్లయిన గంగ-1, గంగ-101, రంజిత్, దక్కన్‌లను విడుదల చేసింది కూడా ఆ 1961లోనే. మనమూ అప్పుడే ఈ దారిలో అడుగుపెట్టాం కాబట్టి ఆ సంవత్సరం నాకు బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు కెన్యాకు వెళ్దాం. 2011 సెప్టెంబరు, బోమెట్ ప్రాంతం. ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్ద లేనిదే భోజనం కాని దేశం అది. చేలలో లేత ఆకులు మొదలు నుంచి పసుపు మచ్చలు తేలాయి. అంచుల నుంచి నడిమి ఈనె వైపు ఎండుతూ వచ్చాయి. మొక్క ఇంకా పచ్చగా ఉండగానే కంకి మీది పొరలు ఎండిపోయాయి. పండిందేమో అని ఒలిచి చూస్తే లోపల బెండు, అక్కడక్కడా నాలుగు గింజలు. కొన్ని చేలలో అదీ లేదు.

కారణం రెండు వైరస్‌లు. ఒకటి మొక్కజొన్నను పట్టే క్లోరోటిక్ మాటిల్ వైరస్, రెండోది మనకూ తెలిసిన చెరకు మొజాయిక్ వైరస్. మొదటిదాన్ని తామర పురుగులు, పెంకు పురుగులు మోస్తాయి. రెండోదాన్ని పేనుబంక మోస్తుంది. విడివిడిగా సోకితే మొక్క ఎంతో కొంత తట్టుకుంటుంది, రెండూ కలిస్తే చస్తుంది. ఈ జంట 1970లలోనే అమెరికాలోని కాన్సాస్‌లో కనిపించింది కాబట్టి అక్కడివాళ్లకు దాని లక్షణాలు తెలుసు. కెన్యా శాస్త్రవేత్తలు బ్రిటన్, అమెరికా ప్రయోగశాలలతో కలిసి ఆ వైరస్‌లను తేల్చారు.

2013లో నైవాషాలో కెన్యా వ్యవసాయ పరిశోధన సంస్థ, మెక్సికో కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ సిమిట్ కలిసి ఒక పరీక్షా క్షేత్రం పెట్టాయి. అక్కడి పని తీరు వినండి. తెగులు సోకిన మొక్కలను విడిగా పెంచుతారు. వాటి ఆకులు నూరి రసం తీస్తారు. అందులో గరుకు పొడి కలిపి, వీపున మోసే మోటారు యంత్రంతో లేత మొక్కల మీద కొడతారు. ఆ పొడి ఆకు మీద కంటికి కనిపించనంత గీతలు పెడుతుంది, వైరస్ లోపలికి పోతుంది. తట్టుకున్నదే నిలుస్తుంది. వేల రకాలు ఆ మడుల్లో మాడిపోయాయి. పచ్చగా నిలిచిన కొద్దిపాటి వాటిలో థాయ్‌లాండ్‌లోని కాసెట్సార్ట్ విశ్వవిద్యాలయం తయారు చేసిన కేఎస్-23 సంతతి వరుసలు ఉన్నాయి. వాటి బలం చాలావరకు ఆరో క్రోమోజోములోని ఒక భాగంలో ఉందని తేలింది. ఇప్పుడు దాన్ని ఆఫ్రికా రకాల్లోకి ఎక్కిస్తున్నారు.

థాయ్‌లాండ్ మొక్కజొన్న పని కూడా ఒంటరిగా సాగలేదు. వాళ్లది బూజు తెగులుతో అలసిపోయిన నేల. కాసెట్సార్ట్‌వాళ్ల సువాన్-1 రకానికి బూజును తట్టుకునే గుణం ఫిలిప్పీన్స్ రకాల నుంచే వచ్చింది. చూశారా, మళ్లీ ఫిలిప్పీన్సే!

ఈ పని సాగిన కాలంలో సిమిట్ మొక్కజొన్న కార్యక్రమాన్ని నైరోబీ నుంచి నడిపించినవారు బొడ్డుపల్లి ప్రసన్న. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసి అక్కడికి వెళ్లారు.

విత్తనం ఇచ్చిపుచ్చుకోవడం ఎంత అవసరమో, జాగ్రత్త కూడా అంతే అవసరం. కెన్యాలో చూసిన ఆ క్లోరోటిక్ మాటిల్ వైరస్ విత్తనం ద్వారానూ సోకుతుంది. వేల గింజల్లో ఏ కొన్నింటికో. కానీ కొత్త దేశంలో రోగం రగలడానికి ఆ కొన్ని చాలు. అందుకే దక్షిణ ఆఫ్రికా దేశాలకు పంపే విత్తనాన్ని ముందు జింబాబ్వేలోని మజోవే క్వారంటైన్ క్షేత్రంలో నాటి, మొక్కలను పరీక్షించి, ఆ తరువాతే వదులుతారు. మనకు రాజేంద్రనగర్‌లో అలాంటి తనిఖీయే జరుగుతుంది. ఒక పంటకాలం పోయిందని విసుక్కునే యువ పరిశోధకులు బోమెట్ కంకిని ఒక్కసారి తలచుకోవాలి.

సిమిట్ ఆసియా మొక్కజొన్న పరిశోధన సాగేది మన పటాన్‌చెరులోనే, ఇక్రిశాట్ ఆవరణలో. ఎండకూ, నీటి ఎద్దడికీ ఓర్చుకునే రకాల కోసం అక్కడ పని జరుగుతోంది. మెక్సికో, ఆఫ్రికా, ఆసియా విత్తనాలు అక్కడ పక్కపక్క సాళ్లలో కనిపిస్తాయి. వీలు చూసుకుని వెళ్లి చూడండి.

ఇక చేలోకి వెళ్దాం. పూత అయిపోయిన మడిలో అకాలంగా ఎండిన మొక్కలు కనిపిస్తాయి. ఒకదాన్ని పీకి, కాండాన్ని మొదలు నుంచి నిలువుగా చీల్చండి. లోపల దారాల వెంట ఆవగింజలో పదో వంతు ఉండే నల్లని చుక్కలు ఉంటే అది మసికుళ్లు. ఊరు, తేదీ, రకం పేరు, ఎన్ని మొక్కలకు ఎన్ని పోయాయో రాసుకోండి. మీకు తెలియని లక్షణం కనిపిస్తే దాన్ని పేజీ పైభాగానే రాయండి. సాయంత్రం ఆ కాగితాలు నా చేతికి ఇవ్వండి. పటాన్‌చెరుకు, లూధియానాలోని మొక్కజొన్న పరిశోధన సంస్థకు రేపే పంపిస్తాను.