'స్వర్గసీమ' (1945) రివ్యూ: నింద సుబ్బికి, సినిమా భానుమతి గారికి

నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం కొత్త సినిమా జోలికి పోవడం లేదు. 1945లో వాహినీ వారు తీసిన 'స్వర్గసీమ' గురించి చెప్పుకుందాం. దర్శకులు బి.ఎన్.రెడ్డి గారు. నాగయ్య గారు, కన్నడ రంగస్థలం మీద పేరున్న బి.జయమ్మ గారు, భానుమతి గారు ముఖ్య పాత్రలు వేశారు. ఈ సినిమా కథతో నాకు గట్టి పేచీ ఉంది. ఇందులో భానుమతి గారి నటన మీద మాత్రం అంతులేని గౌరవం ఉంది. ఆ పేచీ, ఈ గౌరవం రెండూ ఒకే చోట పుట్టినవి.

కథ చిన్నది. సంపాదకుడు మూర్తికి భార్య కల్యాణి, పిల్లలు, చక్కని సంసారం. వీధుల్లో ఆడిపాడి పొట్టపోసుకునే సుబ్బిని చూసి, ఆమె విద్యకు ముచ్చటపడి రంగస్థలం ఎక్కిస్తాడు. సుబ్బి కాస్తా సుజాతాదేవి అవుతుంది. మూర్తి ఇల్లాలిని వదిలి ఆమె వెంట పడతాడు. ఆమె దూరమయ్యాక పశ్చాత్తాపంతో ఇల్లు చేరతాడు. కల్యాణి క్షమిస్తుంది, సంసారం నిలబడుతుంది. దారి తప్పినవాడు మూర్తి. నింద మోసింది సుబ్బి. నాగయ్య గారు ఆ పశ్చాత్తాపాన్ని ఎంత బాగా నటించినా నా పేచీ తీరలేదు.

మా ఊళ్లో కూర్చుని చూస్తే ఇది మరీ గుచ్చుకుంటుంది. 'కన్యాశుల్కం' నాటకాన్ని 1892లో మొదటిసారి ఆడింది విజయనగరంలోనే. ఆ నాటకం మొదలయ్యేదే మా బొంకులదిబ్బ దగ్గర. అందులోని వేశ్య మధురవాణి ఈ ఊరి మనిషి. గురజాడ ఆమెకు తెలివి ఇచ్చారు, దయ ఇచ్చారు, ఎదుటివాడు ఎంతటివాడైనా మాటకు మాట చెప్పే ధైర్యం ఇచ్చారు. వేశ్యలంటేనే గిట్టని సౌజన్యారావు పంతులు ఎదుటికి మగవేషంలో వెళ్లి ఆయన్నే ఆలోచనలో పడేస్తుంది. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా గడిచాయి. అప్పుడు వచ్చిన సినిమా, ఆడిపాడి బతికే స్త్రీకి తన మాట తాను చెప్పుకునే చోటు ఇంత తక్కువగా ఇచ్చింది. బి.ఎన్.రెడ్డి గారు గొప్ప దర్శకులు, ఆ మాటలో నాకు సందేహం లేదు. ఈ పాత్ర దగ్గర మాత్రం ఆయన చేయి బిగబట్టారు.

రచన ఇవ్వని ఆ చోటును భానుమతి గారు నటనతో సంపాదించుకున్నారు. మొదటి భాగంలో సుబ్బి నడక చూడండి, మాటలోని విరుపు వినండి. ఎవరు ఏమనుకుంటారో అన్న బెరుకు ఎక్కడా లేదు. సుజాత అయ్యాక మాట నునుపు తేలుతుంది, నవ్వు కొలత ప్రకారం వస్తుంది. చూపు మాత్రం పాతదే. పూట గడవని రోజులు తెలిసిన మనిషి చూపు అది. అందుకే ఆమె మూర్తిని వదిలేసినప్పుడు నాకు కోపం రాలేదు. 'ఓహో హో పావురమా' పాటనే తీసుకోండి. బాలాంత్రపు రజనీకాంతరావు గారి పాట అది. కథ ప్రకారం అది మగవాణ్ణి ఆకట్టుకోవడానికి పాడే పాట. ఆమె పాడుతుంటే, తన గొంతు తనకే నచ్చిన మనిషి సంబరం వినిపిస్తుంది. ఎదుట ఎవరూ లేకపోయినా ఆ పాట అలాగే సాగేదనిపిస్తుంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు నిండలేదు!

అసలు ఆమె ఈ పాత్ర వేసేవారే కాదు. 1939లో 'వరవిక్రయం'తో తెర మీదికి వచ్చినప్పుడు ఇంకా చిన్నపిల్ల. తన కూతురిని కథానాయకుడు తాకే సన్నివేశాలు ఉండకూడదని తండ్రి షరతు పెట్టారు. 1943లో రామకృష్ణ గారిని పెళ్లి చేసుకున్నాక ఇక సినిమాలు చాలు అనుకున్నారు. ఈ ఒక్క సినిమాకని బి.ఎన్.రెడ్డి గారు ఒప్పించారు. అంత కట్టుబాట్లలో పెరిగిన అమ్మాయి వచ్చి వీధి నాట్యగత్తె పాత్ర వేసింది. సినిమాల్లో వేసే ఆడవాళ్లను లోకం ఏ చూపు చూసేదో, ఈ కథ కూడా సుబ్బిని అదే చూపు చూసింది. తన వృత్తినే దోషిగా నిలబెట్టిన కథలో నటించి, చూసేవాళ్ల మనసు తన వైపు తిప్పుకోవడం మామూలు సంగతి కాదు.

అంతకుముందు తరానికి దారి ఇంకా ఇరుకు. మన నాటకాల్లో ఆడవేషాలు చాలావరకు మగవాళ్లే కట్టేవారు. స్థానం నరసింహారావు గారు ఆ విద్యలో శిఖరం. సురభి నాటక సమాజాల కుటుంబాలు మాత్రం తమ ఇంటి ఆడవాళ్లతోనే వేషాలు వేయించాయి. అందుకే తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు లీలావతిగా సురభి కమలాబాయి గారు సిద్ధంగా దొరికారు. కెమెరా ముందు నటిస్తూ అక్కడికక్కడే పాడవలసిన రోజులవి. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది అన్న వెసులుబాటు లేదు. ఆ సినిమా ప్రతి ఈనాడు మనకు దక్కలేదు. తెలుగు తెర మొదటి కథానాయిక ఎలా పాడిందో, ఎలా నడిచిందో మనం చూడలేం. ఇది మనం బాధపడవలసిన నష్టం.

వేరొకరి గొంతు వాడుకునే పద్ధతి వచ్చాక కూడా భానుమతి గారు తన పాట తానే పాడుకున్నారు. ఇక్కడ మా ఊరికి ఒక చుట్టరికం ఉంది. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల గారు సినిమాల్లో నేపథ్యగాయకుడిగా గొంతు విప్పింది 'స్వర్గసీమ'లోనే, అదీ భానుమతి గారి పక్కన. తర్వాతి తరం కథానాయికలకు గొంతునిచ్చిన సుశీల గారు పుట్టింది ఈ ఊళ్లో, సంగీతం చదివింది కూడా ఆ కళాశాలలోనే. కోట దగ్గరి ఆ కళాశాల ముందు నుంచి వెళ్లే పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక ఆ కాలపు మరో కథానాయిక కాంచనమాల గారు. 1939లో 'మళ్లీపెళ్లి'లో వితంతువు పాత్ర వేశారు. 1942లో 'బాలనాగమ్మ' పెద్ద విజయం. ఆ తర్వాత ఒప్పందపు తగాదా, మనోవ్యాధి, తెరకు దూరమైన ఏళ్లు. ఆమె గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఈ దుఃఖం దగ్గరే ఆగిపోతారు. దయచేసి ముందు 'మళ్లీపెళ్లి' చూడండి. ఆ కళ్లతో ఆమె ఎంత చెప్పగలరో చూశాకే ఆమె కష్టాల గురించి మాట్లాడుకుందాం. ఇంకొక సంగతి. 1963లో 'నర్తనశాల' తీసినప్పుడు, ఆమెను మళ్లీ కెమెరా ముందుకు తీసుకొచ్చింది ఆ సినిమా నిర్మాత లక్ష్మీరాజ్యం గారు. లక్ష్మీరాజ్యం గారు కూడా ఆ పాత తరం నటే. స్నేహితురాలు కోలుకుంటుందన్న ఆశతో చేసిన పని అది. ఆ సినిమాలోని మహానటులందరి గురించి గంటలు గంటలు చెప్పుకుంటాం, ఈ ఇద్దరు ఆడవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి.

నటీమణులు డబ్బు పెట్టి సినిమాలు తీయడం అప్పటికి కొత్త కాదు. 1930లలోనే దాసరి కోటిరత్నం గారు ఆ పని చేశారు. కన్నాంబ గారు భర్తతో కలిసి సొంత సంస్థ నడిపారు. 1949లో సి.కృష్ణవేణి గారు తీసిన 'మన దేశం'లోనే ఎన్.టి.రామారావు గారు తొలిసారి తెర మీద కనిపించారు. దానికి సంగీతం మళ్లీ మన ఘంటసాల గారే. భానుమతి గారు 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తానే దర్శకత్వం వహించి తీశారు. సుబ్బికి దక్కని అధికారం సుబ్బి వేషం వేసిన మనిషి చేతికి వచ్చింది.

సినిమాకు నా లెక్క అయిదుకు మూడున్నర. భానుమతి గారికి అయిదుకు అయిదు. దొరికే ప్రతుల్లో బొమ్మ మసకగా ఉంటుంది, మాట అక్కడక్కడ గరగరలాడుతుంది. ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని వింటే పాటలు బాగా తెలుస్తాయి. మొదటి అరగంట నెమ్మదిగా నడుస్తుంది, ముందుకు జరపకండి, సుబ్బి నడక అంతా అక్కడే ఉంది. వచ్చే వారం 'మళ్లీపెళ్లి' రివ్యూ చేస్తాను. బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం, ఆమదాలవలస వైపు మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా కాంచనమాల గారి సినిమాలు హాల్లో చూసి ఉంటే, వాళ్లకు ఏం గుర్తుందో అడిగి రాయండి, ఆ వీడియోలో చదివి వినిపిస్తాను.