క్రోమ్‌కాస్ట్ ఆడియో ఇప్పుడు కొనొచ్చా? కొలిచి చూద్దాం

నమస్కారం అండీ. నా చేతిలో ఉన్న ఈ గుండ్రటి బిళ్ల క్రోమ్‌కాస్ట్ ఆడియో. గూగుల్ దీన్ని 2015లో తెచ్చింది. మన దేశంలో 2016లో 3,399 రూపాయలకు అమ్మారు. 2019 జనవరిలో తయారీ ఆపేశారు. అంటే ఇప్పుడు కావాలంటే సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే. ఇంట్లో పాత ఆంప్లిఫయర్, మంచి స్పీకర్లు ఉండి, వాటికి వైఫైలో పాటలు పంపాలనుకునేవాళ్లు ఇప్పటికీ దీని గురించే అడుగుతున్నారు. "ఇంత చిన్నదాంట్లో సౌండ్ క్వాలిటీ ఏముంటుంది?" అని.

నా మాట ముందే చెప్పేస్తాను. దీంట్లో సౌండ్ తగ్గిందంటే చిప్‌ను అనుమానించకండి. ముందు సెట్టింగులు చూడండి, ఆ తర్వాత పాట దీని దగ్గరికి ఏ దారిలో వస్తోందో చూడండి.

లోపల ఏకేఎం కంపెనీ ఏకే4430 అనే డాక్ చిప్ ఉంది, అంటే డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే చిప్. క్రోమ్‌కాస్ట్ ఆడియో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా పాటలు తీసుకుంటుంది. అవుట్‌పుట్ దాదాపు 2 వోల్టులు, అంటే మామూలు సీడీ ప్లేయర్ ఇచ్చేంత. ఇంకో సంగతి, ఈ హెడ్‌ఫోన్ లాంటి రంధ్రంలోంచే ఆప్టికల్, అంటే వెలుగు రూపంలో డిజిటల్ సిగ్నల్ కూడా వస్తుంది. దానికి మినీ టాస్‌లింక్ కేబుల్ కావాలి.

కొలవడానికి లక్షల మెషీన్ అక్కర్లేదు. ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకీ, బయటికీ పంపే పెట్టె), కంప్యూటర్, ఉచితంగా దొరికే ఆర్ఈడబ్ల్యూ అనే కొలతల సాఫ్ట్‌వేర్ చాలు. ఒక్క పని మాత్రం మర్చిపోవద్దు. ముందు ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి కొలవండి. దాని సొంత నాయిస్ ఎంతో తెలియకపోతే, ఆ తర్వాత వచ్చే అంకె క్రోమ్‌కాస్ట్‌దో ఇంటర్‌ఫేస్‌దో తేల్చలేం. ఈ పని చేయకుండా గ్రాఫులు చూపించే వీడియోలను నేను లెక్కలోకి తీసుకోను.

టెస్ట్ టోన్ 997 హెర్ట్జ్ పెట్టాను. సరిగ్గా 1000 ఎందుకు కాదంటే, 48 కిలోహెర్ట్జ్ ఫైల్లో 1000 హెర్ట్జ్ టోన్ అవే 48 శాంపిళ్లను తిప్పితిప్పి వాడుతుంది. 997 అయితే చిప్‌లో చాలా ఎక్కువ లెవెల్స్ పని చేస్తాయి. ఆ టోన్‌ను తీసేశాక మిగిలేదే నాయిస్, డిస్టార్షన్. టోన్‌కూ ఆ నాయిస్‌కూ మధ్య దూరానికి, సీడీలో ఉండే 16 బిట్లకు లెక్క ప్రకారం 98 డెసిబెల్స్ హద్దు. ప్రతి 6 డెసిబెల్స్‌కీ సుమారుగా ఒక బిట్ అనుకోండి.

ఇప్పుడు అసలు విషయం. అదే టోన్‌ను మైనస్ 20, మైనస్ 10, సున్నా డెసిబెల్స్‌లో వరసగా పంపండి (సున్నా అంటే ఫైల్ పట్టగల గరిష్ఠ స్థాయి). ఒక్కో మెట్టుకీ అవుట్‌పుట్ సరిగ్గా 10 డెసిబెల్స్ పెరగాలి. పెరగలేదంటే మధ్యలో ఎవరో శబ్దాన్ని నొక్కుతున్నారని అర్థం. గూగుల్ హోమ్ యాప్‌లో, ఈ డివైస్ సెట్టింగుల్లో "ఫుల్ డైనమిక్ రేంజ్" అని ఒక స్విచ్ ఉంటుంది. 2 వోల్టుల సిగ్నల్ తీసుకోగల ఆంప్లిఫయర్ల కోసం పెట్టింది అది. ఆఫ్‌లో ఉంటే చిన్న స్పీకర్లకు ఇబ్బంది లేకుండా శబ్దాన్ని అదుపులో పెడుతుంది. అందులో తప్పేం లేదు. కానీ హైఫై సిస్టమ్‌కు కలిపి కూడా దాన్ని ఆఫ్‌లో వదిలేసి "మృదంగంలో దెబ్బ లేదు, డల్‌గా ఉంది" అనేవాళ్లు చాలామంది. తని ఆవర్తనంలో ఆ దెబ్బే కదండీ ప్రాణం! ఆ స్విచ్ ఆన్ చేయండి.

రెండోది వాల్యూమ్. ఫోన్‌లో తగ్గిస్తే పాట సిగ్నల్ తగ్గుతుంది కానీ అనలాగ్ సర్క్యూట్ నాయిస్ ఉన్నచోటే ఉంటుంది. ఫోన్‌లో 30 డెసిబెల్స్ తగ్గిస్తే ఆ మేరకు పాటకూ నాయిస్‌కూ మధ్య దూరం పోతుంది. అందుకే ముందు ఆంప్లిఫయర్ నాబ్ బాగా కిందికి తిప్పి, తర్వాత ఫోన్‌లో ఫుల్ పెట్టి, ఇక నాబ్‌తోనే వినండి.

మూడోది దారి. మ్యూజిక్ యాప్‌లోని క్యాస్ట్ బటన్ నొక్కితే ఈ బిళ్ల ఇంటర్నెట్ నుంచి పాటను నేరుగా తెచ్చుకుంటుంది. ఫోన్ రిమోట్ మాత్రమే. కంప్యూటర్‌లో క్రోమ్ ట్యాబ్‌ను క్యాస్ట్ చేస్తే మాత్రం సౌండ్ ఓపస్ ఫార్మాట్‌లోకి మళ్లీ కుదించబడుతుంది. ఓపస్‌లో 20 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు, స్వీప్ టోన్ (కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాకా పోయే టోన్) పంపితే గ్రాఫ్ అక్కడ తెగిపోతుంది. 20 పైన మనకు ఎలాగూ వినపడదు. కానీ గ్రాఫ్ అలా తెగిందంటే మీ ఫ్లాక్ ఫైల్ (నాణ్యత పోకుండా కుదించిన పాట) అసలు రూపంలో చేరలేదని తెలిసిపోతుంది.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే గొడవ ఇంకోటి ఉంది, హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే సన్నటి మోత. గ్రాఫ్‌లో 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర ముళ్లు లేస్తాయి. అదే ఆంప్లిఫయర్‌కు కేబుల్ టీవీ సెట్‌టాప్ బాక్స్ కూడా కలిపి ఉంటే ముందు ఆ వైరు పీకి మళ్లీ కొలవండి. చాలాసార్లు గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్తు వైర్ల మధ్య కరెంటు తిరగడం) అక్కడే ఉంటుంది. ఆప్టికల్ వాడితే వెళ్లేది వెలుగే కాబట్టి క్రోమ్‌కాస్ట్ వైపు నుంచి హమ్ వచ్చే దారి ఉండదు.

ఆప్టికల్‌లో బిట్లు మారకుండా వస్తున్నాయా అని చూడటానికి నాకు బాగా నచ్చిన పరీక్ష డీటీఎస్ సీడీ (సరౌండ్ సౌండ్‌ను కోడ్ రూపంలో దాచిన సీడీ) నుంచి తీసిన ఫైల్ పంపడం. రిసీవర్ మీద డీటీఎస్ అని వెలిగితే అన్నీ చేరాయి. దారిలో బిట్లు మారిపోతే బుస్సుమని నాయిస్ వస్తుంది, కాబట్టి నాబ్ తగ్గించి ఉంచండి. వాల్యూమ్ ఫుల్‌లో, డైనమిక్ రేంజ్ స్విచ్ ఆన్‌లో ఉంటేనే ఈ పరీక్షకు అర్థం.

జిట్టర్ (డిజిటల్ సిగ్నల్ టైమింగ్‌లో వచ్చే చిన్న తేడాలు) గురించి టెన్షన్ పడకండి. పాత సినిమా పాటల్లో టేపు హిస్ దానికంటే ఎంతో పైన ఉంటుంది.

మరి కొనొచ్చా? సౌండ్ కోసమైతే నిస్సందేహంగా కొనండి. నాకున్న బెంగల్లా గూగుల్ సర్వర్ల గురించే. 2025 మార్చిలో సర్టిఫికెట్ గడువు తీరి ఇవి ఒక్కసారిగా ఆగిపోయాయి, తర్వాత గూగుల్ సరిచేసింది. ఇలాగే నెట్‌వర్క్‌లో పాటలు వినిపించే మరో ప్లేయర్ లాజిటెక్ స్క్వీజ్‌బాక్స్ టచ్ 2010 నాటిది, 2012లోనే ఆపేశారు, 2024లో దాని ఆన్‌లైన్ సర్వీస్ కూడా మూసేశారు. అయినా సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కావడంతో లిరియన్ పేరుతో అభిమానులు దాన్ని నడిపిస్తున్నారు. సొంత ఫైళ్లు ఎక్కువగా ఉన్నవాళ్లు టచ్ దొరికితే తీసుకోండి. స్ట్రీమింగ్ యాప్‌లే వాడేవాళ్లకు క్రోమ్‌కాస్ట్ చాలు. డబ్బు ఇచ్చే ముందు అమ్మేవాళ్ల దగ్గరే దాన్ని రీసెట్ చేయించి, మీ ఫోన్‌తో మళ్లీ సెటప్ చేసి, ఒక పాట ప్లే చేసి చూడండి. ఆప్టికల్ కేబుల్ పెట్టి అవతలి కొసలో ఎర్ర వెలుగు వస్తోందో లేదో కూడా చూసుకోండి.