గుర్రంతో అడవిలో బస

అందరికీ నమస్కారం. స్వారీ నేర్చుకున్న మన పిల్లలు ఇప్పుడు గుర్రాలతో అడవికి వెళ్ళి రాత్రి అక్కడే ఉంటామని అడుగుతున్నారు. నాకు చాలా సంతోషం. వెళ్ళేముందు తెలుసుకోవాల్సినవి చెబుతాను.

మనకు దగ్గర్లో ఇందుకు మంచి చోటు బ్రూక్‌ఫీల్డ్. న్యూయార్క్ రాష్ట్రం మధ్యలో, మాడిసన్ కౌంటీలో ఉంది. చార్లెస్ బేకర్, బీవర్ క్రీక్ రాష్ట్ర అడవుల్లో కలిపి సుమారు 130 మైళ్ళ గుర్రపు బాటలు. మాస్కో హిల్ దగ్గర గుర్రాలతో దిగడానికి క్యాంపు ఉంది.

ఆ అడవి తనంతట తాను పెరిగింది కాదు. ఆ కొండల మీద ఒకప్పుడు వ్యవసాయం ఉండేది. నేల సారం పోయి, పంట గిట్టుబాటు కాక రైతులు పొలాలు వదిలేశారు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ గవర్నర్‌గా ఉండగా, 1929 చట్టంతో రాష్ట్ర ప్రభుత్వం అలాంటి భూములు కొని చెట్లు పెంచడం మొదలుపెట్టింది. ఆయన అధ్యక్షుడయ్యాక 1933లో నిరుద్యోగ యువకులకు పని ఇవ్వడానికి పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌లో చేరిన కుర్రాళ్ళు రాష్ట్రమంతటా లక్షల మొక్కలు నాటారు. ఇలాంటి అడవుల్లో పైన్, స్ప్రూస్ చెట్లు చాలాచోట్ల వరి నాట్లలా వరసల్లో ఉంటాయి. కూలి చేతులు నాటిన చెట్లవి. అందుకే నేను ఒక విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడతాను: గుర్రాన్ని రాత్రంతా చెట్టు మొదలుకి కట్టేయొద్దు.

విసుగొచ్చిన గుర్రం ఊరుకోదు. ముందుకాలి గిట్టతో నేల తవ్వుతుంది, బెరడు కొరుకుతుంది. తెల్లారేసరికి వేళ్ళు బయటపడతాయి. బెరడు చుట్టూ పోతే ఆ చెట్టు ఇక బతకదు. గుర్రాన్ని ఉంచడానికి స్టాల్, అంటే కొట్టం లేని చోట హైలైన్ వేయండి. దూరంగా ఉన్న రెండు గట్టి చెట్లకు వెడల్పాటి పట్టీలు చుట్టి, గుర్రం తలకన్నా ఎత్తులో తాడు బిగించి లాగాలి. పలుపును ఆ తాడుకి కట్టాలి. గుర్రం గడ్డి అందుకునేంత వదులు చాలు, కాలు ఇరుక్కునేంత వదులు పనికిరాదు. చెట్టు మొదలు దాకా గుర్రం చేరకుండా చూడండి.

కట్టేముందు తల పైకెత్తి అక్కడేం చెట్లున్నాయో చూడండి. ఆ అడవుల్లో రెడ్ మేపుల్ విస్తారం. గాలివానకి విరిగిపడిన దాని కొమ్మ మీద వాడిన ఆకులు గుర్రానికి విషం. ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తుంది, ప్రాణం మీదికొస్తుంది. బ్లాక్ చెర్రీ వాడిన ఆకూ విషమే. గాలివాన వెలిసిన వెంటనే టార్చ్ పట్టుకుని గుర్రాల చుట్టూ ఒకసారి తిరిగి, పడ్డ కొమ్మలు దూరంగా లాగేయండి. ఇది పిల్లలకు అప్పజెప్పే పని కాదు.

450 కిలోల గుర్రానికి రోజుకి 8 కిలోల దాకా ఎండుగడ్డి, 20 నుంచి 40 లీటర్ల నీళ్ళు కావాలి. అలవాటు లేని నీళ్ళు కొన్ని గుర్రాలు ముట్టవు, కాబట్టి ఇంటినుంచి కొంత తీసుకెళ్ళండి. లద్దె ఎత్తి, క్యాంపులో చూపించిన చోటే వేయండి.

కాగితాల్లో ముఖ్యమైనది కాగిన్స్ పరీక్ష సర్టిఫికెట్, అంటే గుర్రానికి అంటు రక్తహీనత లేదని చూపే కాగితం. ఈ జబ్బును జోరీగలు ఒక గుర్రం నుంచి ఇంకోదానికి అంటిస్తాయి. దానికి మందూ లేదు, ఇక్కడ టీకా కూడా లేదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో లెరాయ్ కాగిన్స్ ఈ పరీక్ష కనిపెట్టాక, జబ్బున్న గుర్రాలను ముందే వేరు చేయడం కుదిరింది. ఆ కాగితం లేకుండా బయల్దేరొద్దు. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది కలిసి దిగుతున్నా, మూడు రాత్రులు మించి ఉంటున్నా పర్మిట్ ముందుగా తీసుకోవాలి.

బాట మీద కాలినడకన వచ్చేవాళ్ళు ఎదురైతే మనమే ముందు పలకరించాలి. వాళ్ళు తిరిగి మాట్లాడితే, వీపు మీద పెద్ద సంచి ఉన్న ఆ ఆకారం మనిషేనని గుర్రానికి తెలిసి బెదురు తగ్గుతుంది. తన్నే అలవాటున్న గుర్రం తోకకి ఎర్ర రిబ్బన్ కట్టి, వరసలో చివర నడిపించండి. రౌతు కొద్దీ గుర్రం అంటారు కదా, పిల్లలు టెన్షన్ పడితే గుర్రమూ పడుతుంది. మొదటిరోజు రెండు గంటల స్వారీ చాలు. వేట సీజన్‌లో వెళ్తే మీకూ గుర్రానికీ నారింజ రంగు తప్పనిసరి అనుకోండి.

ఇక ముడి. ఒక్క లాగుకి ఊడి వచ్చేలా కట్టడం రాకపోతే, గుర్రం బెదిరినప్పుడు తాడు కోయడానికి కత్తి వెతుక్కోవాలి. ఇక్కడ రెండు స్తంభాలకు హైలైన్ వేసి ఉంచాను. పిల్లలు ముందుకి రండి, ఒక్కొక్కరూ కట్టి చూడండి.