బోగీ రంగు చూసి బ్రేకు చెప్పేవాళ్లు!

నమస్కారమండీ. నలభై దాటినవాళ్లకి రైలుపెట్టె అనగానే ఇటుక రంగే గుర్తొస్తుంది. చెన్నై పెరంబూరులోని రైలుపెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో 1955లో తయారీ మొదలైనప్పటి నుంచి దశాబ్దాల పాటు దాదాపు అన్ని బోగీలకీ అదే రంగు. తొంభైల్లో నీలం వచ్చింది. కొత్తగా కనిపించాలని మార్చారనుకుంటారు చాలామంది. అసలు సంగతి బ్రేకుల్లో ఉంది.

పాతవి వాక్యూమ్ బ్రేకులు. గొట్టంలో గాలి తోడేస్తే బ్రేకు వదులుతుంది, గాలి చొరబడితే పట్టేస్తుంది. ఎయిర్ బ్రేకుల్లో వ్యవహారం తలకిందులు: ఒత్తిడితో గాలి నింపితే వదులుతుంది, గాలి పోతే పడుతుంది. ఈ రెండు రకాల బోగీల్నీ ఒకే రైలుకి తగిలిస్తే బ్రేకులు కలిసి పనిచేయవు. అందుకే ఎయిర్ బ్రేకులున్న బోగీలకి నీలం వేశారు. యార్డులో షంటింగ్ (బోగీల్ని కలపడం, విడదీయడం) చేసేవాళ్లు దూరం నుంచే పోల్చుకోవచ్చు. రంగంటే ఇలా పనికొచ్చేదై ఉండాలండీ!

నీలం జనరల్ బోగీని దగ్గర్నుంచి చూడండి. చివరి కిటికీల పైన ఏటవాలుగా చారలుంటాయి. రైలు ప్లాట్‌ఫాం మీదకి వస్తుండగానే మూటలు పట్టుకుని ఎటు పరిగెత్తాలో తెలిసిపోతుంది.

ఇంజిన్ల సంగతి ఇంకా తమాషా. సికింద్రాబాద్ దగ్గరి లల్లగూడ ఇంజిన్ల షెడ్డుకి చెందిన, ప్రయాణికుల రైళ్లు లాగే డబ్ల్యూఏపీ-7 రకం తెల్లటి ఒంటికి ఎర్ర పట్టీతో వస్తుంది. గూడ్స్ లాగే డబ్ల్యూఏజీ-9 ఆకుపచ్చ. చూడ్డానికి సంబంధం లేనట్టుంటాయి గానీ, మొదటిది రెండోదాంట్లోంచే పుట్టింది, గేర్ల నిష్పత్తి మార్చి.

2009లో దురంతో ఎక్స్‌ప్రెస్ వచ్చింది. అప్పటి రైల్వే మంత్రి మమతా బెనర్జీ వేసిన బొమ్మ స్ఫూర్తితో, పసుపు ఆకుపచ్చ డిజైన్. నా కంటికైతే మరీ గోల.

2018లో పాతరకం ఐసీఎఫ్ బోగీల తయారీ ఆగింది. ఇప్పుడు వాటి స్థానంలో వచ్చే జర్మన్ డిజైన్ ఎల్‌హెచ్‌బీ బోగీలకి ఎరుపు, బూడిద రంగు. ఒకప్పుడు ఎర్ర రైలంటే రాజధాని, ఆ దర్జా వేరు. ఇప్పుడు మామూలు ఎక్స్‌ప్రెస్ కూడా అదే ఎరుపులో వస్తుంటే రాజధానిని పోల్చుకోవడానికి బోర్డు చదవాల్సిందే.

ఇక వందేభారత్. 2023 జనవరిలో సికింద్రాబాద్–విశాఖ రైలు మొదలైనప్పుడు తెలుపు, నీలమే. అదే ఏడాది సెప్టెంబరులో కేరళలో కాసరగోడ్–తిరువనంతపురం మధ్య కాషాయం రైలు పట్టాలెక్కింది. జాతీయ జెండా స్ఫూర్తి అన్నారు మంత్రి అశ్వినీ వైష్ణవ్. మన దుమ్ములో తిరిగే రైలుకి తెల్ల రంగు వేయడం కడిగేవాళ్లకి శిక్షే కాబట్టి, కాషాయానికే నా ఓటు.