మొదటి పెంపుడు కుక్క: ఖర్చు తక్కువగా, మాట వినేలా ఏది?

నమస్కారం. నా కాళ్ళ దగ్గర పడుకున్న ఈ నల్లకుక్క పేరు చుక్క. ఇది ఏ జాతిదో నాకు తెలియదు. మూడేళ్ళ వయసులో జంతు సంరక్షణ కేంద్రం నుంచి మా ఇంటికి వచ్చింది. పిల్లలున్న ఇంటికి, ఎక్కువ ఖర్చు పెట్టించకుండా, తేలిగ్గా మాట వినే కుక్క ఏదని మీలో చాలామంది అడిగారు. ఆ రెండు లెక్కల్లోనే కొన్ని రకాలను చూద్దాం.

ముందు ఖర్చు సంగతి. కొన్న డబ్బు ఒక్కసారితో పోతుంది. తిండి మాత్రం పదేళ్ళకు పైగా పెట్టాలి. ముప్పై కిలోల కుక్క పది కిలోల కుక్క తినేదానికి రెట్టింపు కన్నా ఎక్కువే తింటుంది. నులిపురుగుల మందు, పిడుదుల మందు, ఆపరేషన్ అవసరమైతే మత్తుమందు, అన్నీ బరువును బట్టే. అందుకే నేను జాతి కన్నా ముందు బరువు చూడమంటాను.

అందరి నోటా మొదట వచ్చే పేరు లాబ్రడార్. అది ఊరికే వచ్చిన పేరు కాదు. చూపులేనివారికి దారి చూపే పనికి కూడా దీన్ని ఎంచుకుంటారు. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆసక్తికరమైన విషయం ఒకటి బయటపెట్టారు. దాదాపు ప్రతి నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించి ఉంటుంది. అలాంటి కుక్కకు తిండి మీద ధ్యాస ఎక్కువ. సహాయక కుక్కల్లో ఈ లోపం ఇంకా ఎక్కువగా కనిపించింది. చిన్న తిండి ముక్క కోసం చెప్పిన పనల్లా చేసే కుక్కకు నేర్పడం సులువే కదా! కానీ అదే ఆకలి దాన్ని లావు చేస్తుంది. తుంటి, మోచేతి కీళ్ళ జబ్బులు ముందే ఉన్న జాతి ఇది. బరువు పెరిగితే ఆ కీళ్ళు మరీ త్వరగా పాడవుతాయి, వైద్యం ఖర్చు మీద పడుతుంది. లాబ్రడారే కావాలనుకుంటే పిల్ల తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూపించమని అడగండి. శిక్షణలో పెట్టే ముక్కలను రోజూ పెట్టే కొలతలోంచే తీయండి.

బోర్డర్ కోలీ తెలివికి పెట్టింది పేరు. 1994లో స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విధేయత పోటీల న్యాయనిర్ణేతల అభిప్రాయాలు సేకరించి జాతులకు వరుస కడితే ఇదే మొదటి స్థానంలో నిలిచింది. అయినా మొదటిసారి పెంచేవారికి నేను దీన్ని సూచించను. గొర్రెలను కాయడానికి పుట్టిన కుక్క ఇది. రోజంతా పని దొరకకపోతే పరుగెత్తే పిల్లలనే గొర్రెల్లా, మడమల దగ్గర కరవబోతూ తోలుతుంది. చురుకైన కుక్క మనం నేర్పనివి కూడా అంతే చురుగ్గా నేర్చుకుంటుంది. ఆ వరుసలో రెండోదైన పూడిల్ ఇళ్ళకు బాగా సరిపోతుంది, బొచ్చు కూడా పెద్దగా రాలదు. కాకపోతే కొన్ని వారాలకొకసారి కత్తిరించాల్సిందే. బీగిల్ పిల్లలతో ఎంతో మెత్తగా ఉంటుంది కానీ వాసన తగిలిందంటే మీ పిలుపు దానికి వినిపించదు. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలు ముద్దుగానే ఉంటాయి. ఊపిరికి అవి పడే అవస్థ నేను చూడలేను.

ఇక నా ఎంపిక. మధ్యస్థ బరువుండే, పెరుగుదల పూర్తయిన మిశ్రమ జాతి కుక్క. ఇలా చెప్పడానికి నా వెనుక ఒక బాధ ఉంది. చుక్కకు ముందు ఐదు వారాల పిల్లను కొన్నాం. ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండాలని అప్పుడు మాకు తెలియదు. టీకాలు వేశామని అమ్మినవారు నోటిమాటగా చెప్పారు, కాగితం మేము అడగలేదు. పార్వో అనే వైరస్ జబ్బు సోకి నాలుగో రోజుకే చనిపోయింది. మా అబ్బాయి చాలా రోజులు దాని గిన్నెను ఎవరినీ తీయనివ్వలేదు.

వయసొచ్చిన కుక్కయితే ఎంత పెరిగిందో, ఎలాంటి గుణమో ఎదురుగానే కనిపిస్తుంది. చుక్కను తెచ్చుకునే ముందు ఇంటిల్లిపాదీ మూడుసార్లు వెళ్ళి చూశాం. వంగి కూర్చుని పిలిస్తే వస్తుందా, తింటుండగా మనిషి పక్కనుంచి వెళ్తే బిగుసుకుంటుందా, గిన్నె కింద పడిన చప్పుడుకు బెదిరినా మళ్ళీ తేరుకుంటుందా అని గమనించాం. మీరూ ఇవే చూడండి. పిల్లలను మాత్రం తింటున్న కుక్క దగ్గరకు పంపకండి.

శిక్షణలో మేము చేసిన పొరపాటు మాటల్లో ఉంది. నేను 'రా' అనేదాన్ని, మా వారు 'ఇలా రా' అనేవారు, అబ్బాయి 'వచ్చెయ్' అనేవాడు. పాపం, చుక్క మధ్యలో నిలబడి ముగ్గురినీ మార్చి మార్చి చూసేది. చివరికి ఒక్కో పనికి ఒక్కో మాట కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాం. పూటకు ఐదు నిమిషాలు చాలు. చెప్పింది చేసిన మరుక్షణమే ముక్క ఇవ్వాలి, ఆలస్యమైతే దేనికిచ్చారో దానికి అర్థం కాదు. ఎంత ఆలస్యంగా వచ్చినా, వచ్చిన కుక్కను తిట్టకండి. పిలుపుకు వస్తే తిట్లు పడతాయని ఒక్కసారి తెలిస్తే మళ్ళీ రాదు.

ఇప్పుడు గది ఆ చివరికి వెళ్ళి పిలుస్తాను, చూడండి. చుక్కా, రా.

వచ్చేసింది. ఇదిగో, నీ ముక్క.