గ్రామర్ కంఠతా వచ్చు, వాక్యం కలపడం రాదు!

[బల్ల మీద ఐదో తరగతి తెలుగు నోట్సు. కెమెరా వైపు తిప్పాలి.]

నమస్తే. తిరుపతిలో ఏ ట్యూషన్ సెంటర్ ముందు నిలబడినా వినిపించే మాట ఇదే: "మావాడికి గ్రామర్ వీక్ సార్, కాస్త బట్టీ పట్టించండి." నామవాచకం, సర్వనామం, విశేషణం... ఆ పిల్లాడు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. వీక్ అయింది రాయడంలో. గ్రామర్ బట్టీ పడితే రాయడం దానంతటదే వచ్చేస్తుందనుకుంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

వేసవి సెలవుల గురించి రాయమంటే ఇలా రాస్తారు.

[స్క్రీన్ మీద: అవ్వ దామలచెరువు మండీకి పోయింది. అవ్వ మామిడికాయలు కొనింది. అవ్వ ఇంటికి వచ్చింది. అవ్వ ఊరగాయ పెట్టింది.]

తప్పు ఒక్కటీ లేదు. వత్తులు బాగున్నాయి, చుక్కలు పెట్టాడు, టీచరమ్మ టిక్కు కొట్టేసింది. కానీ ఈ పిల్లాడే ఇంట్లో ఎలా చెప్తాడు? "అవ్వ మండీకి పోయి కాయలు కొనుక్కొచ్చి ఊరగాయ పెట్టింది." ఒక్క గుక్కలో! నాలుగు సార్లు అవ్వను పిలవడు. నోటితో చక్కగా కలుపుతాడు, పెన్ను పట్టుకుంటే విడగొట్టేస్తాడు.

అమెరికాలో స్టీవ్ గ్రాహమ్, డొలొరెస్ పెరిన్ అనే పరిశోధకులు, 4 నుంచి 12 తరగతుల పిల్లలకు రాత నేర్పే పద్ధతులపై జరిగిన అధ్యయనాలను పోగేసి 2007లో నివేదిక ఇచ్చారు. చిన్న వాక్యాలను కలిపించడం వల్ల రాత మెరుగుపడింది. వ్యాకరణాన్ని విడిగా పాఠంలా చెప్పిన చోట మెరుగు లేకపోగా కాస్త వెనకబడింది. అది ఇంగ్లీషు సంగతి కదా అంటారేమో. సరే, తెలుగులో చూద్దాం. మనకు చాలాసార్లు మధ్యలో ఇంకో మాట కూడా అక్కర్లేదు, క్రియ చివర మారిస్తే చాలు.

[స్క్రీన్ మీద ఒక్కో వాక్యం రావాలి.]

అవ్వ మండీకి పోయి కాయలు కొనింది. ముందు ఒక పని, తర్వాత ఇంకోటి.
అవ్వ మండీకి పోతూ తాతకు ఫోన్ చేసింది. రెండూ ఒకేసారి.
అవ్వ మండీకి పోతే ఊరగాయ ఉంటుంది. పోవాలనే షరతు ఉంది.
అవ్వ మండీకి పోయినా...

ఇక్కడ ఆపండి. తర్వాత ఏం జరిగి ఉంటుందో పిల్లల్ని అడగండి. "కాయలు దొరకలేదు", "మండీ మూసేశారు" అన్నారా, అర్థం చేసుకుంటూ చదువుతున్నారు. "ఊరగాయ పెట్టింది" అన్నారా, గడగడా చదివేస్తున్నా చదివేది బుర్రకెక్కట్లేదు. 'పోయినా' అనగానే ఏదో తేడా కొట్టిందని చెవికి తెలియాలి. మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం కూడా. మనం మాత్రం ఎంత స్పీడుగా చదివాడని చూసి చప్పట్లు కొడుతున్నాం.

నాకు బాగా నచ్చిన ఆట ఇంకోటి ఉంది. బోర్డు మీద ఇది రాయండి: "అవ్వ మండీకి పోయి తాత నిద్రపోయాడు." క్లాసంతా నవ్వుతుంది. ఎందుకు నవ్వారని అడగండి. పోయిందెవరు, పడుకుందెవరు? 'పోయి' అన్నాక చివరి పని కూడా అవ్వే చేయాలి కదా అని వాళ్లే చెప్తారు. సూత్రం మీరు చెప్పలేదు, వాళ్లే పట్టుకున్నారు. ("వాన పడి చెరువు నిండింది" అంటాం కదా అని కామెంట్ పెట్టేవాళ్లకు: అవును, ఒకదాని వల్ల ఇంకోటి జరిగితే కుదురుతుంది. ఐదో తరగతిలో అంత లోతు వద్దు.) 'పోయి', 'పోతూ', 'పోతే', 'పోయినా' లాంటి వాటికి వరుసగా క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అనే పేర్లు హైస్కూల్లో ఎలాగూ వస్తాయి. అప్పుడు మన అవ్వకే ఆ పేర్లు తగిలించుకుంటారు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

ముందు నోటితో కలిపించండి, తర్వాతే రాత. కలపడం వచ్చాక పిల్లలు ఆగరు, పోయి కొని వచ్చి కోసి ఎండబెట్టి అంటూ పేజీ అంతా ఒకే వాక్యం లాగుతారు. అప్పుడు మూడు పనులకు మించొద్దని చెప్పండి. సైన్సు, సోషల్ పాఠాల్లో పొడవు వాక్యాలు వస్తే దీన్నే తిరగేసి, విడగొట్టి చదివించండి.

మన వైపు పిల్లలు "కొనింది", "పోయినాడు" అని రాస్తారు. దయచేసి ఎర్రపెన్నుతో కొట్టేయకండి. అది తప్పు కాదు, మన మాట. పుస్తకంలో "కొన్నది", "వెళ్లాడు" అని ఉంటుందని పక్కన రాయండి, చాలు.

ఇక నగరి, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఉంటారు. వాళ్లకిది కష్టమని భయపడొద్దు. తమిళంలోనూ "పోయి" అనే అంటారు, "పోయినా"కు "పోనాలుం" ఉంది. వాక్యాలను ముందు వాళ్ల భాషలో కలిపించి, తర్వాత తెలుగులోకి రండి.

విభక్తులు వచ్చే వీడియోలో చూద్దాం. ఆలోపు పిల్లల పాత నోట్సులో ఒక పేజీ తీసి, అందులో ఎన్ని వాక్యాలు కలపొచ్చో వాళ్లచేతే గీతలు గీయించండి.